కంచు గొడ్డలితో నిజంగా చెట్టు నరకొచ్చా?

లేత్‌మిషన్ (నెల్లూరు)
అందరికీ నమస్కారం. నాది ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. మా వాడి సోషల్ పుస్తకంలో కంచు యుగం మనుషులు కంచుతో పనిముట్లు చేసుకున్నారని ఒక్క ముక్క రాసి వదిలేశారు. చదివినప్పటి నుంచి నాకు ఒకటే అనుమానం. మోటారు పంపులకు గన్‌మెటల్ బుష్‌లు (షాఫ్ట్ తిరిగే గొట్టాలు) తిప్పీ తిప్పీ చేతులు అరిగినవాణ్ణి నేను. గన్‌మెటల్ అంటే రాగి, తగరం కలిసిందే, అంటే కంచే కదా. టూల్ ఆనిస్తే చాలు, పొడిపొడిగా రాలిపోద్ది. అంత మెత్తటి సరుకుతో గొడ్డలి చేస్తే మొదటి దెబ్బకే అంచు మడత పడదా? ఉలి చేస్తే రాయి మీద నిలబడుద్దా? గూగుల్ చేసుకో అని మాత్రం చెప్పొద్దు. చేసే వచ్చా.

ఒంగోలు గిత్త (ఒంగోలు)
నరికేది చెట్టునా, మనిషినా? ముందు అది చెప్పన్నా.

పాతబంగారం (మార్కాపురం)
మంచి టాపిక్ తెచ్చారు. ఇక్కడే మన పెద్దవాళ్ళ గొప్పతనం తెలిసేది. రాగిని ఉక్కులా గట్టిపరిచే విద్య పాతకాలంలో ఉండేది. ఏవో మూలికల పసరులో ముంచేవాళ్ళు. ఆ విద్య తెలిసినవాళ్ళు పోయారు, విద్యా పోయింది. ఈజిప్టువాళ్ళు రాగి రంపాలతో గ్రానైట్ కోశారు, ఇది రుజువైన సంగతి. ఇప్పుడు ఏ ఇంజనీరునైనా రాగితో గ్రానైట్ కోయమనండి చూద్దాం.

లోహాల మాస్టారు (కావలి)
లేత్‌మిషన్ గారూ, మీ అనుమానం న్యాయమైనదే. కానీ మీ చేతిలో ఉన్నది గొడ్డలి పనికి చేసిన కంచు కాదు. బుష్ మెత్తగా ఉండాలనే చేస్తారు. షాఫ్ట్ ఖరీదు ఎక్కువ, బుష్ ఖరీదు తక్కువ. రెండింట్లో ఏదో ఒకటి అరగక తప్పదంటే బుష్షే అరగాలి. అందుకే బజార్లో మామూలుగా దొరికే గన్‌మెటల్లో రాగి 85 పాళ్ళు ఉంటే తగరం 5, సీసం 5, జింకు 5 ఉంటాయి. సీసం రాగిలో కలవదు, సన్నటి బొట్లుగా ఎక్కడికక్కడ ఉండిపోతుంది. మీ టూల్ కింద పొడిపొడిగా రాలేది ఆ బొట్ల పుణ్యమే.

పాత పనిముట్లకు వాడిన కంచులో రాగి 90, తగరం 10, కాస్త అటూ ఇటూ. దాన్ని పోత పోసి అలాగే వదిలేస్తే వికర్స్ కొలతలో గట్టిదనం 90, 100 దగ్గర ఉంటుంది. పూర్తిగా చల్లారాక అంచును సుత్తితో కొడుతూ పోతే 200 దాటుతుంది. ఉత్త రాగిని ఎంత కొట్టినా 110, 120కి మించి పోదు. మెత్తటి ఇనుము 100 నుంచి 150. అంటే బాగా కొట్టిన కంచు అంచు మామూలు ఇనుప అంచు కంటే గట్టిది. కంచును ఓడించింది ఉక్కు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన ఉక్కు 500 పైమాటే.

కొడితే ఎందుకు గట్టిపడుతుందంటే, లోహం లోపల అణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారడం వల్లే అది వంగుతుంది. కొట్టేకొద్దీ ఆ జారుడుకు అడ్డాలు పెరుగుతాయి. తగరం అణువు రాగి అణువు కంటే పెద్దది కాబట్టి వరసల మధ్య ఇరుక్కుని అది కూడా అడ్డం పడుతుంది. పాతబంగారం గారు చెప్పిన రహస్యం ఇదే సార్. పసరు కాదు, సుత్తి.

ఒక జాగ్రత్త. ఇనుము అలవాటు కొద్దీ దీన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడదు. కొట్టి తెచ్చిన గట్టిదనం కూడా పోయి మళ్ళీ మెత్తబడుతుంది.

పాతబంగారం (మార్కాపురం)
సుత్తి సంగతి సరే. గ్రానైట్ సంగతి దాటేశారే?

గ్యాంగ్‌సా (చీమకుర్తి)
గ్రానైట్ అన్నారు కాబట్టి నేను రావాల్సిందే 😀. పాతబంగారం అన్నా, ఒకసారి మా ఊరు వచ్చి ఫ్యాక్టరీలో గ్యాంగ్‌సా చూడు. బ్లాకును పలకలుగా కోసే ఆ మిషన్లో బ్లేడ్లకు పళ్ళే ఉండవు. చదునైన ఇనుప పట్టీలు, అంతే. పైనుంచి స్టీల్ గ్రిట్ (సన్నటి ఉక్కు రవ్వ), సున్నం, నీళ్ళు కలిపిన చిక్కటి జావ పడుతూ ఉంటుంది. బ్లేడు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఆ గ్రిట్‌ను రాయి మీద రుద్దుతుంది. కోసేది గ్రిట్. బ్లేడు దాన్ని లాక్కుపోయే కూలీ. ఇప్పుడు డైమండ్ వైర్, మల్టీవైర్ మిషన్లు వచ్చి గ్యాంగ్‌సాలు తగ్గుతున్నాయి కానీ గెలాక్సీ గ్రానైట్ చాలాకాలం ఇట్టాగే కోశాం.

ఈజిప్టువాళ్ళదీ ఇదే పద్ధతి. పళ్ళు లేని రాగి పట్టీ, కింద ఇసుక. ఇసుకంటే క్వార్ట్జ్, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 7. రాగి 3 మాత్రమే. రాగి మెత్తగా ఉండబట్టే ఇసుక రేణువు అందులో గుచ్చుకుని రాయిని గీకుతుంది. రాయితో పాటు రాగి కూడా విపరీతంగా అరిగిపోతుంది. అది ఖర్చు కిందే లెక్క, మాకు బ్లేడ్లు అరిగినట్టు.

లోహాల మాస్టారు (కావలి)
గ్యాంగ్‌సా చెప్పింది అక్షరాలా నిజం. బ్రిటన్‌కు చెందిన పరిశోధకుడు డెనిస్ స్టాక్స్ రాగి రంపం, రాగి గొట్టం, ఇసుకతో గ్రానైట్‌ను కోసి, తొలిచి చూపించాడు. ఇంకో సంగతి, గ్రానైట్ గనిలో బ్లాకును వేరు చెయ్యడానికి ఈజిప్టువాళ్ళు రాగి వాడనే లేదు. డోలరైట్ అనే నల్లటి గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి పిండి చేసి కాలవలు తీశారు. అస్వాన్‌లో సగంలో వదిలేసిన స్తంభం దాదాపు 42 మీటర్ల పొడవున ఇప్పటికీ పడి ఉంది, ఆ దెబ్బల గుంటలు దాని చుట్టూ కనిపిస్తాయి. పిరమిడ్‌లో ఎక్కువ భాగం సున్నపురాయి. దానికి రాగి ఉలి చాలు.

పాతబంగారం (మార్కాపురం)
మీరిద్దరూ జట్టు కట్టారు. కానివ్వండి.

బాడిస (ఉదయగిరి)
మేము కొయ్యతో గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళం. రోజంతా పదునుతోనే బతుకు. నా మాట కూడా వినండి. పనిముట్టు మంచిదా కాదా అని గట్టిదనం నంబరు చూసి చెప్పలేం. మరీ గట్టి ఉలి పెళుసుగా ఉంటుంది, ముడి తగిలితే అంచు చిట్లుద్ది. చిట్లిన అంచును సానరాయి మీద అరగదియ్యడానికి పూట పడుతుంది. మెత్తటి ఉలి వంగుద్ది కానీ నాలుగు దెబ్బలు కొట్టి సరిచేసుకోవచ్చు. ఉక్కు ఉలితోనే మేం పని మధ్యలో లేచి రాయి మీద రుద్దుకుంటూ ఉంటాం. కంచు ఉలైతే ఇంకొంచెం ఎక్కువసార్లు లేస్తాం. అంతకంటే ఏముంది?

నాకు అర్థం కానిది పిడి సంగతి. మా గొడ్డలికి కన్ను ఉంటుంది, అందులో కర్ర దిగ్గొడతాం. ఫోటోల్లో చూసే కంచు గొడ్డళ్ళు బిళ్ళల్లా చదునుగా ఉన్నాయి. కర్రకు ఎట్టా బిగించారు?

లోహాల మాస్టారు (కావలి)
వడ్రంగి అడగాల్సిన ప్రశ్నే అడిగారు. కంచు గొడ్డలి చరిత్రలో సగం ఆ పిడి బిగింపు చరిత్రే. 1991లో ఆల్ప్స్ మంచులో ఓట్జీ అనే మనిషి శవం దొరికింది. క్రీస్తుకు ముందు 3200 ప్రాంతం వాడు. అతని గొడ్డలి పిడితో సహా చెక్కుచెదరకుండా ఉంది. పిడి సుమారు 60 సెంటీమీటర్ల కర్ర, పైన మోచేయిలా వంగి చీలిక ఉంది. ఆ చీలికలో బిళ్ళను దూర్చి, బిర్చ్ చెట్టు తారు పూసి, తోలు పట్టీతో బిగించి చుట్టారు. బిళ్ళ 9.5 సెంటీమీటర్లే. అది కంచు కూడా కాదు, 99 శాతం పైగా రాగి. అయినా వాడిన గొడ్డలే, సాన పట్టిన గుర్తులున్నాయి.

ఆ చీలిక పద్ధతిలో చిక్కేమిటంటే దెబ్బ దెబ్బకూ బిళ్ళ వెనక్కి జరిగి కర్రను ఇంకా చీలుస్తుంది. దాంతో యూరప్ పోతగాళ్ళు ముందు బిళ్ళ పక్కల గట్లు లేపారు, తర్వాత మధ్యలో అడ్డగట్టు పెట్టారు, చివరికి వెనకవైపు బోలుగా గొట్టంలా పోసి కర్రనే అందులోకి దించారు. బోలుగా పొయ్యాలంటే అచ్చు మధ్యలో మట్టి ముద్ద నిలబెట్టాలి, అది కదలకూడదు. ఆ పనితనం రావడానికి వెయ్యేళ్ళు పట్టింది.

కంచుగిన్నె (కందుకూరు)
ఆడవాళ్ళు కూడా రాయొచ్చా ఇక్కడ? మా పుట్టినిల్లు కంచరి పని ఇల్లు. ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు, స్టీలు వచ్చాక మూలపడింది. చిన్నప్పుడు చూసింది రాస్తాను.

మూసలో (లోహం కరిగించే పాత్రలో) ముందు రాగి. రాగి 1085 డిగ్రీల దాకా పోతే గాని కరగదు. దాని మీద బొగ్గు పొడి దుప్పటిలా కప్పాలి, లేకపోతే గాలి తగిలి పైన నల్లటి తెట్టు కడుతుంది. తగరం చిట్టచివర. అది 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ముందే వేస్తే గాలి తగిలి బూడిదగా మారి కొంత సరుకు వృథా. తగరం పడగానే మూసలోని రసం పల్చబడి, అద్దంలా కదులుతుంది. ఉత్త రాగి రసం బద్ధకంగా సాగుతుంది, అచ్చు మూలల్లోకి పోదు, పైగా గాలి పీల్చుకుని బుడగలు బుడగలుగా గడ్డకడుతుంది. తగరం కలిస్తే ఆ బాధ సగం తీరుతుంది. ఇంకో లాభం, తగరం కలిసిన రాగి తక్కువ వేడికే కరుగుతుంది.

అచ్చును ముందు కాల్చి వేడి చేసేవాళ్ళు. తడి ఉంటే పోసిన రసం ఆవిరికి ఎగిరి మొహాన పడుతుంది. పోత పోసే రోజు పిల్లల్ని ఆ గడపలోకి రానిచ్చేవాళ్ళు కాదు. మేం కిటికీలోంచి చూసేవాళ్ళం, మంట కొసన ఆకుపచ్చ రంగు వచ్చేది.

ఒకటి మాస్టారుగారిని అడగాలి. మా వాళ్ళు చేసే కంచు గిన్నెల్లో తగరం 22 పాళ్ళ దాకా ఉండేది. దాన్ని చల్లగా ఉన్నప్పుడు కొడితే పెంకులా పగిలేది. ఎర్రగా ఉన్నప్పుడే కొట్టి, ఆఖర్న నీళ్ళలో ముంచేవాళ్ళు. మీరేమో చల్లగా కొట్టాలి, నీళ్ళలో ముంచితే లాభం లేదు అంటున్నారు. రెండూ కంచే కదండీ?

లోహాల మాస్టారు (కావలి)
తప్పకుండా రాయాలమ్మా, ఈ చర్చలో కొలిమి దగ్గరగా చూసింది మీరొక్కరే.

మీరు చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. తగరం 12, 13 శాతం లోపు ఉన్న కంచు ఒక రకం మనిషి, 22 దాటిన కంచు ఇంకో రకం మనిషి. ఎక్కువ తగరం ఉన్నదాన్ని నిదానంగా చల్లారనిస్తే లోపల పెళుసైన పదార్థం పుడుతుంది. ఎర్రగా ఉన్నప్పుడు మాత్రం అది మైనంలా సాగుతుంది. ఆ ఎరుపులోనే సాగగొట్టి చటుక్కున నీళ్ళలో ముంచితే ఆ పెళుసు పదార్థం పుట్టే వ్యవధి ఉండదు. ఉక్కును ముంచితే పెళుసెక్కుతుంది, ఈ కంచును ముంచితే పెళుసు తగ్గుతుంది. సరిగ్గా తిరగబడిన లెక్క. తమిళనాడులో ఆదిచనల్లూరు సమాధుల్లోనూ, నీలగిరి సమాధుల్లోనూ దొరికిన పలచటి గిన్నెలు ఇలా చేసినవేనని శారదా శ్రీనివాసన్ గారి పరిశోధనల్లో తేలింది. దక్షిణాది వాళ్ళు ఇందులో ఘటికులు. కేరళ అరన్ముల అద్దంలో తగరం 33 శాతం దాకా పోతుంది. అది అద్దానికే పనికొస్తుంది, కింద పడితే ముక్కలే.

గొడ్డలికి 22 శాతం ఎందుకు వాడలేదో ఇప్పుడు తెలిసింది కదా. గిన్నె గంటలా మోగాలి, గొడ్డలి దెబ్బ తినాలి.

ఒంగోలు గిత్త (ఒంగోలు)
మా మేనత్త కంచు గిన్నె ఎందుకు పగిలిందో ఇన్నాళ్ళకు తెలిసింది. ఆ రోజు తిట్లు తిన్నది నేను.

లేత్‌మిషన్ (నెల్లూరు)
అందరికీ థాంక్స్. ఊరికే వింటూ కూర్చోడం నా వల్ల కాలేదు. షాపులో పడున్న పాత బుష్ ముక్క ఒకటి పక్క షెడ్డు కమ్మరాయన కొలిమిలో పెట్టించా. ఎర్రబడ్డాక ఆయన ఒక దెబ్బ వేశాడు. బిస్కెట్టులా చిట్లిపోయింది. బంగారం షాపులో మనకు తెలిసినవాడున్నాడు, క్యారెట్ చూసే మిషన్లో ఆ ముక్క పెట్టించా. సీసం 5 శాతం దగ్గర చూపించింది. మాస్టారు చెప్పినట్టే ఉంది. ఎరుపులో సీసం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది కదా, లోపల నీటి బొట్లున్న గోడలా విడిపోయింది.

తర్వాత కృష్ణపట్నం వైపు నుంచి వచ్చిన పాత వాల్వు ఒకటి స్క్రాపులో దొరికింది. ఓడల సరుకు. మిషన్లో పెడితే రాగి 88, తగరం 10, జింకు 2 దగ్గర వచ్చింది. సీసం దాదాపు లేదు. అందులోంచి బిళ్ళ కోశా. చేసింది చెబుతా, తప్పుంటే మాస్టారు దిద్దండి.

లోహాల మాస్టారు (కావలి)
88-10-2 అసలైన పాతకాలం గన్‌మెటల్. ఫిరంగులు పోసిన సరుకు. చెప్పండి, వింటున్నాం. పోత ముక్కను నేరుగా కొట్టలేదు కదా?

లేత్‌మిషన్ (నెల్లూరు)
లేదు సార్. ముందు సర్కారు తుమ్మ బొగ్గుల మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చాలాసేపు ఆ వేడిలోనే ఉంచి, తీసి చల్లార్చాం. షెడ్డు తలుపులేసి చీకటి చేస్తే గాని ఆ ఎరుపు కంటికి ఆనదు. తర్వాత దాగలి మీద పెట్టి అంచు వైపు మాత్రమే చిన్న సుత్తితో కొట్టా. మొదట్లో దెబ్బ మెత్తగా, చప్పుడు బొద్దుగా ఉంది. కొట్టేకొద్దీ చప్పుడు సన్నబడి కంగుమని మోగడం మొదలైంది, సుత్తి కూడా చేతిలో ఎగురుతోంది. లోహం ఇక చాలు అని చెబుతున్నట్టే. నేను వినకుండా ఇంకా కొట్టా, మూలన వెంట్రుకంత పగులు వచ్చింది. ఆకురాయితో ఆ మూల తీసేసి, మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టాం. ఈసారి మోత రాగానే ఆపా. చివర్న నూనె రాయి మీద సాన. రంగు చూస్తే మతి పోద్ది సార్, అచ్చం బంగారం.

తుమ్మ కర్ర చీల్చి, బిళ్ళ దూర్చి, నైలాన్ తాడుతో బిగించా. తోలు దొరకలేదు. చేయంత లావు పచ్చి సరుగుడు కట్టె మీద మొదలుపెట్టా. మా ఇంటి ఇనుప గొడ్డలితో పోలిస్తే నిదానమే. బరువు తక్కువ, అందుకని గట్టిగా కాకుండా గబగబా వెయ్యాలి. కానీ నరికింది. అంచు మడత పడలేదు. ముడి దగ్గర మాత్రం ఒక చోట గోటి అంచంత వంగింది. సుత్తితో సరిచేసి రాయి మీద రుద్దితే పోయింది.

ఒక విచిత్రం చూశా. పగులు తీసేసిన మూలన సన్న నొక్కు ఒకటి మిగిలిపోయింది. కట్టె మీద తెగిన ప్రతి ముఖంలోనూ ఆ నొక్కు గీత పడింది, దారం పెట్టి గీసినట్టు. ఏ ముక్క చూసినా అదే గీత, అదే చోట.

లోహాల మాస్టారు (కావలి)
లేత్‌మిషన్ గారూ, మీరు చూసిన ఆ గీతే ఇంగ్లండులో పెద్ద సాక్ష్యం అయింది. 1998లో నార్ఫోక్ సముద్రతీరంలో ఇసుక కొట్టుకుపోయి గుండ్రంగా పాతిన ఓక్ దుంగల వలయం బయటపడింది. సీహెంజ్ అంటారు. చెట్టు వలయాలు లెక్కపెట్టి ఆ చెట్లను క్రీ.పూ. 2049 వసంతంలో నరికారని తేల్చారు. దుంగల మీద గొడ్డలి గాట్లు ఇంకా తాజాగా ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కో గొడ్డలి అంచు వంపు, నొక్కు గీతలు వేరు కాబట్టి వాటిని పోల్చి చూస్తే కనీసం 50 వేర్వేరు కంచు గొడ్డళ్ళు వాడినట్టు తేలింది. ఒక చిన్న కట్టడానికి అన్ని గొడ్డళ్ళు! బ్రిటన్‌లో కంచు మొదలై అప్పటికి ఒకటి రెండు వందల ఏళ్ళే. అంటే ఏ ఒక్క దొర దగ్గరో దాచుకున్న వస్తువు కాదు, ఊళ్ళో జనం చేతుల్లో ఉన్న పనిముట్టు.

కొట్టడం సరిగ్గానే చేశారు. పోత ముక్కలో తగరం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ గడ్డకడుతుంది, మధ్యలో పెళుసు గీతలు ఉంటాయి. మసక ఎరుపులో చాలాసేపు ఉంచితే అది సర్దుకుంటుంది. మీ కమ్మరాయనకు నమస్కారం చెప్పండి.

బాడిస (ఉదయగిరి)
పదును కోణం ఎంత పెట్టావన్నా? మా ఉలుల్లా సన్నగా పెట్టి ఉంటే వంగకుండా ఉండదు. కంచుకు కొంచెం మొద్దు కోణం, అంచు కాస్త గుమ్మటంగా ఉండాలనిపిస్తోంది నాకు.

లేత్‌మిషన్ (నెల్లూరు)
30 డిగ్రీల దగ్గర పెట్టా అబ్బయా. మొద్దు చేసి చూస్తా.

మెట్టపొలం (కనిగిరి)
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. మా పక్క పొలంలో జేసీబీ పెట్టి రాళ్ళు తీస్తుంటే పచ్చటి చిలుము పట్టిన లోహపు ముక్కలు బయటపడ్డాయట. ఇంట్లోవాళ్ళు చింతపండు పెట్టి తోమితే బంగారంలా తేలుద్ది అంటున్నారు. తోమొచ్చా? నిజంగా పాతవైతే గవర్నమెంటోళ్ళతో గొడవ అవుద్దని ఆయనకు టెన్షన్.

లోహాల మాస్టారు (కావలి)
తోమొద్దు! చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఏదీ వద్దు. పూజ గదిలో రాగి చెంబుకు పనికొచ్చేది మట్టిలోంచి వచ్చిన వస్తువుకు విషం. ఆ పచ్చ పొర కిందే సాన గీతలు, సుత్తి దెబ్బలు, అచ్చు అతుకు అన్నీ దాక్కుని ఉంటాయి. పులుపు పెడితే పొరతో పాటు అవీ పోతాయి. లేత పచ్చటి పొడి రాలుతుంటే ఇంకా ప్రమాదం. లోపల క్లోరైడు చేరిందని అర్థం, తేమ తగిలేకొద్దీ వస్తువును తినేస్తుంది. నీళ్ళతో కూడా కడగొద్దు, పొడిగా కాగితంలో చుట్టి పెట్టమనండి. ఏ చోట, ఎంత లోతులో, పక్కన ఏమున్నాయో ఫోటోలు తియ్యమనండి.

చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (భూమిలో దొరికిన నిధుల) చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికింది పది రూపాయలకు మించిన విలువైతే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. దాచితే గొడవ, చెబితే కాదు.

ఒంగోలు గిత్త (ఒంగోలు)
1878లో పది రూపాయలంటే ఎంతో, ఇప్పుడు టీ కూడా రాదు. చట్టం మాత్రం పదిరూపాయల దగ్గరే ఆగింది.

రాళ్ళసంచి (పొదిలి)
జియాలజీలో పనిచేసి రిటైరయ్యాను. మీరంతా పనితనం దగ్గరే తిరుగుతున్నారు, సరుకు ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. కంచు యుగాన్ని నడిపిందీ, ముంచిందీ సరుకే.

రాగి మనకు మరీ దూరం కాదు. నెల్లూరు జిల్లాలో గరిమెనపెంట దగ్గర రాగి ఖనిజం ఉన్నట్టు ఎప్పటి నుంచో తెలుసు. వినుకొండ పక్కన అగ్నిగుండాలలో రాగి, సీసం రెండూ ఉన్నాయి, బండలమొట్టులో సీసం గని కూడా నడిచింది. చిక్కంతా తగరంతోనే. మన చుట్టుపక్కల లేదు. దేశంలోనే చెప్పుకోదగ్గ తగరం ఛత్తీస్‌గఢ్ దంతేవాడ వైపు. ప్రపంచమంతటా ఇదే తంతు, రాగి ఒకచోట, తగరం వేల కిలోమీటర్ల అవతల. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర 1982లో ఒక ఓడ శిథిలం బయటపడింది. క్రీ.పూ. 14వ శతాబ్దం చివరిది. అందులో 10 టన్నుల రాగి, ఒక టన్ను తగరం. సరిగ్గా పదికి ఒకటి! ఒక సైన్యానికి సరిపడా కంచు, కలపడానికి సిద్ధంగా. ఆ తగరంలో మూడో వంతు మధ్య ఆసియా కొండల నుంచి వచ్చిందని 2022లో వచ్చిన పరిశోధన చెబుతోంది. ఆ రోజుల్లో కొండలు, ఎడారులు దాటుకుని గాడిదల మీద!

అంత దూరం నుంచి వచ్చే సరుకును ఎవడు పారబోస్తాడు? విరిగిన ప్రతి ముక్కా మళ్ళీ మూసలోకే. తగరం దొరకని చోట ఆర్సెనిక్ ఉన్న రాగితో సర్దుకున్నారు, అది కూడా కొడితే బాగానే గట్టిపడుతుంది, కాకపోతే పొగ ప్రాణాంతకం, కరిగించిన ప్రతిసారీ ఆర్సెనిక్ కొంత ఎగిరిపోతుంది. మధ్యప్రదేశ్‌లో గుంగేరియా దగ్గర 1870లో 424 రాగి వస్తువులు కుప్పగా దొరికాయి, ఎక్కువ భాగం గొడ్డళ్ళే, తగరం కలపని రాగి. ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన కంచు యుగం చివర్లో వేల కొద్దీ గొడ్డళ్ళు పాతిపెట్టారు, చాలావాటిలో సీసమే ఎక్కువ, అంచుకు సాన కూడా పట్టలేదు. లేత్‌మిషన్ గారి బుష్ గుర్తొచ్చిందా? అవి నరకడానికి కాదు, మారకానికి అంటారు.

ఇక మన సంగతి. దక్షిణాదిలో రాతి గొడ్డలి నుంచి దాదాపు నేరుగా ఇనుముకు వచ్చేశాం. కొత్తరాతియుగం ఊళ్ళలో రాగి గొడ్డళ్ళు అక్కడక్కడా దొరికాయి, రాయచూరు జిల్లా కల్లూరులో రాగి కత్తులు దొరికాయి, అంతవరకే. దీన్ని వెనకబాటు అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. ఒంగోలు పక్కన కొణిజేడు కొండ ఎక్కి చూడండి, మాగ్నటైట్ కాళ్ళకు తగులుతుంది. అయస్కాంతం వేలాడదీస్తే ఇసుక కూడా అంటుకుంటుంది. ఊరి పక్క కొండలో ఇనుము, కొట్టుకోను అడవినిండా బొగ్గు కట్టె ఉన్నవాడు ఎక్కడో ఉన్న తగరం కోసం ఎందుకు ఎదురుచూస్తాడు?

పాతబంగారం (మార్కాపురం)
చివరికి ఒక మంచి మాట చెప్పారు సార్. తమిళనాడు శివగలైలో ఇనుము క్రీ.పూ. 3345 నాటిదని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా. మన పెద్దవాళ్ళు కంచు దగ్గర ఆగాల్సిన ఖర్మ లేదు.

రాళ్ళసంచి (పొదిలి)
ఆ తేదీ మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మీరు మాత్రం తీర్పు చెప్పేశారు 😀.

కంచుగిన్నె (కందుకూరు)
మళ్ళీ కరిగించే మాట వచ్చింది కాబట్టి ఒకటి. మా ఇంట్లో పాత గిన్నెలు కరిగించేటప్పుడు కొత్త తగరం చిటికెడంత అయినా కలపకుండా పోత పోసేవాళ్ళు కాదు. ప్రతి కరుగుకూ తగరం కొంత పోతుందని వాళ్ళ లెక్క. విరిచి చూసేవాళ్ళు, విరుపు బూడిద రంగులో ఉంటే తగరం సరిపోయినట్టు, ఎర్రగా ఉంటే తక్కువైనట్టు. అన్నట్టు లేత్‌మిషన్ అబ్బాయ్, ఇప్పుడు తగరం కావాలంటే కళాయి పూసేవాళ్ళ దగ్గర అడుగు. సోల్డరు తీగ కరిగించి పోసేవు, అందులో చాలావాటిలో సీసం ఉంటుంది.

లేత్‌మిషన్ (నెల్లూరు)
బాగా చెప్పావక్కా, నేను సోల్డరే కొనబోతున్నా. ఈసారి వాల్వు ముక్క కాకుండా రాగి తీగ, తగరంతో మొదటి నుంచి పోత పోద్దామని ఉంది. మూస దొరికింది. బ్లోయరు బదులు తిత్తి పెట్టాలని కమ్మరాయన పట్టు.

లోహాల మాస్టారు (కావలి)
పెట్టండి. ఈజిప్టులో రెఖ్మిరే సమాధి గోడ మీద బొమ్మలున్నాయి, క్రీ.పూ. 15వ శతాబ్దానివి. కొలిమికి రెండు పక్కలా మనుషులు కాళ్ళ కింద తిత్తులు పెట్టుకుని ఒక కాలు తర్వాత ఒక కాలు తొక్కుతుంటారు. మూసను ఇద్దరు రెండు పచ్చి బద్దల మధ్య ఇరికించి ఎత్తుతారు, ఇనుప పటకారు ఎక్కడిది అప్పటికి! మీరు మాత్రం పటకారే వాడండి, కళ్ళద్దాలు, తోలు చెప్పులు మర్చిపోకండి. అచ్చు పొడిగా ఉండాలి, అక్కగారు చెప్పారు కదా.

పాతబంగారం (మార్కాపురం)
లేత్‌మిషన్ గారూ, పోత అయ్యాక ఒక ఉలి నాకు పంపండి. మా మార్కాపురం పలకరాయి మీద కొట్టి చూస్తా. అప్పుడు మాట్లాడుకుందాం సుత్తా, పసరా అని.

గ్యాంగ్‌సా (చీమకుర్తి)
పలక పొరలు పొరలుగా ఊడొస్తుంది, చెక్క గూటం పెట్టినా చీలుద్ది. దాంతో ఏం తేలుద్దన్నా? బ్లాకు కొసలు మా దగ్గర బోలెడు పడున్నాయి, ఒకటి పంపిస్తా. రాగి పట్టీ, ఇసుక, నీళ్ళు నువ్వు పెట్టుకో. ఓపిక మాత్రం చాలా కావాలి.

లేత్‌మిషన్ (నెల్లూరు)
ఉలి పంపుతా, కొరియర్ ఖర్చు మీది. అంచు కొట్టకుండా పోత పోసింది పోసినట్టే ఒకటి, కొట్టి సాన పట్టింది ఒకటి, రెండూ పెడతా. ఏది ఏదో రాయను. పసరు రాసుకుని చూస్తారో, సుత్తి తీసుకుని చూస్తారో మీ ఇష్టం.

ఒంగోలు గిత్త (ఒంగోలు)
నాకు గిన్నె ఒకటి పంపన్నా. మేనత్తకు బాకీ ఉంది.